మా బోరు నీళ్ళలో ఆరిపోయిన వెలుగు

గుంతకల్లు స్టేషన్ వెయిటింగ్ హాల్లో నేను సీసా ఎత్తి నీళ్ళు తాగుతుంటే, పక్కన కూర్చున్న అమ్మాయి అడిగింది.

"ఎక్కడి నీళ్ళన్నా?"

"మా ఊరి బోరువమ్మా. మూతపడిన బంగారు గని పక్కనే ఉండాది మా ఊరు. ఆ మట్టిని పాదరసంతో కడిగి మా నాయన బంగారు తీస్తాండె."

పాదరసం అనగానే ఆమె సంచిలోంచి ఒక గాజుగొట్టం, టార్చి తీసింది. ఏదో కాలేజీలో పరిశోధన చేస్తోందట. టార్చి వెయ్యగానే గొట్టంలోని మందు నీలంగా వెలిగింది. మా నీళ్ళు నాలుగు చుక్కలు పడగానే ఆ వెలుగు ఆరిపోయింది.

వెలుగు ఆరితే నీళ్ళు మంచివనుకుని నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"పాదరసం ఉంటేనే ఆరిపోతుందన్నా. ఇవి తాగొద్దు."

"తేటగా ఉండాయి కదమ్మా! తీసేసేదానికి మందు లేదా?"

"పాదరసాన్ని పట్టుకునే పొడి చేస్తున్నాం. ఇప్పటికైతే గ్లాసుడు నీళ్ళకే సరిపోతుంది."

ఇంతలో ఆమె రైలు వచ్చింది. పరీక్షకని నా సీసా తీసుకుని, తన సీసా నా చేతిలో పెట్టి పరుగెత్తింది. నా పేరు కూడా అడగలేదు.

చిన్నప్పటి నుంచి తాగిన నీళ్ళను నమ్మాలో, ఆ అమ్మాయి మాట నమ్మాలో నాకు తోచలేదు. ఇంటికెళ్ళి నాయనతో చెప్పాను. ఆయన పాదరసంతో మట్టి కడిగిన తన అరచేతులు చూసుకున్నాడు.

"అయితే ఏం తాగల్లప్పా?" అన్నాడు.

ఊళ్ళో ఉన్నది ఆ బోరొక్కటే. ఆ పూట అన్నం తినేటప్పుడు ఆమె సీసాలోని నీళ్ళు నాయనకు పోసి, నేను బోరు నీళ్ళే తాగాను.