తలపాగా చుడితేనే చేపిన బర్రె

మా పాపకు ఎనిమిదో నెల రాగానే నేను మళ్లీ ఉద్యోగంలో చేరాను. పోయినేడు చెరుకు కోతల కాలం అది. పొద్దున్నే నిజామాబాద్‌లో పాపను అత్తమ్మ చేతికిచ్చి, బస్సెక్కి బోధన్‌లో దిగి, బస్టాండు పక్కన ఎస్టీడీ బూత్‌లోంచి మా పక్కింటికి ఫోన్ చేసేదాన్ని. పక్కింటావిడ గోడ మీది నుంచి అత్తమ్మను కేకేసేది. అత్తమ్మ రోజూ ఒకటే జవాబు చెప్పేది.

"బతికే ఉన్నది బిడ్డా. నువ్వు పోయి గంట గాలే. గంటల ఏమైతది?"

గంటలో ఏమేమి కావచ్చో నాకు బాగా తెలుసు. గుండీ మింగవచ్చు. మంచం మీద బల్లి పడవచ్చు. ఏమీ కాకుండా ఊరికే నన్ను మరిచిపోవచ్చు.

మా సంస్థ చిన్నది. బోధన్ చుట్టుపక్కల పల్లెల్లో బీడీలు చుట్టి బతికే ఆడవాళ్లకు పాడి బర్రెలు ఇప్పించేది. నేను ఎం.ఏ. చదివాను, అందులో బర్రె గురించి ఒక్క ముక్క లేదు. అయినా పాడి మీద ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చేది నేనే. వాళ్లు మర్యాదగా వినేవారు, నవ్వు ఆపుకోలేనప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు.

సంస్థకు ఒక గట్టి నియమం ఉండేది. బర్రె ఆడమనిషిది, పాలు కూడా ఆమే పితకాలి. మగవాళ్లు చెయ్యి పెడితే రెండు నెలల్లో బర్రె కల్లు దుకాణానికి దారి పడుతుందని మా వాళ్ల అనుభవం. నెల తిరిగేసరికి తనిఖీ జరుగుతుంది. ఆమె పితకడం లేదని తేలితే ఆ బర్రెను విప్పుకొని పోయి ఇంకొకరి ఇంట్లో కట్టేస్తారు.

నేను చెప్పబోయేది అలాంటి ఒక ఇంటి సంగతి. ఆమెది నా వయసే, ఇద్దరు ఆడపిల్లలు. భర్త చెరుకు లారీలకు లోడు ఎత్తుతాడు, చీకట్లో పోతే చీకటి పడ్డాక వస్తాడు. బర్రెలంటే అతనికి భయం కూడా. ఆమె ఏడేళ్లప్పుడు బీడీల చాట ముందు కూర్చుంది, ఇంకా లేవలేదు. ఇప్పుడు పెద్ద కూతురు బడి మానేసి ఆమె పక్కన కూర్చుని బీడీల మూతులు మలుస్తోంది.

"బర్రె నిలవడ్డదంటే పిల్లను చాట ముందల్నుంచి లేపుత అక్కా," అని మొదటి రోజే చెప్పింది. "బడికి తోల్త. గంతే, నాకింకేం వద్దు."

బర్రెను మహారాష్ట్ర సరిహద్దు అవతలి సంతలో కొన్నారు. వెడల్పు కొమ్ములు, బరువైన నడక, ఎవరినీ లెక్కచేయని చూపు. సంతలో అందరి ముందు బిందె నిండా పాలిచ్చింది. వీళ్ల ఇంటికి వచ్చాక గ్లాసుడు ఇచ్చి ఆపేసింది.

వారం తర్వాత నేను వెళ్లేసరికి ఆమె ఖాళీ బిందె పక్కన కూర్చుని ఉంది.

"చేపుతలేదక్కా. నన్ను సూడంగనే పాలన్నీ పైకి గుంజుకుంటది. నేనేదో దీని బంగారం అడిగినట్టు!"

చేయాల్సినవన్నీ చేశారు. ముందు దుడ్డెను తల్లి పొదుగుకు విడిచారు. పొదుగు మీద వేణ్నీళ్లు పోశారు. తవుడులో బెల్లం కలిపి పెట్టారు, బర్రె అంతా తిని నాకి మళ్లీ తొట్టి వైపు చూసింది. పక్కింటి అవ్వ మిరపకాయలతో దిష్టి తీసింది. దిష్టి పోలేదు గానీ బర్రె, అవ్వ, పిల్లలిద్దరూ చాలాసేపు తుమ్మారు.

నాకు మాత్రం బర్రె మీద కోపం రాలేదు. చేపు సంగతి అప్పుడు నాకు కొంచెం తెలుసు. బస్సులో ఎవరి పిల్లో ఏడిస్తే చాలు, నా జాకెట్టు తడిసిపోయేది. ఇంట్లో సొంత పాప నోటికి అందించినా, గుమ్మంలో బంధువులెవరైనా నిలబడి చూస్తుంటే చుక్క దిగేది కాదు. అందుకని, చదువుకున్నదాన్ని కాబట్టి కొంచెం గంభీరంగా అన్నాను, "దానికి అలవాటైన గుర్తు ఏదో ఉంటుంది. పాత యజమాని ఎవరు?"

అవ్వ కూడా ఆ రోజు సంతకు పోయింది. ఆమెకు అంతా గుర్తుంది.

"ముసలోడు. తెల్ల ధోతి, నెత్తికి ఎర్ర రుమాలు, మూతిల బీడీ. బీడీ ముట్టించినంకనే పొదుగు మీద చెయ్యేసిండు."

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బర్రె మమ్మల్ని ముగ్గురినీ చూసింది.

ఆమె లోపలికి పోయి భర్త ధోతి కట్టుకొని వచ్చింది. బర్రె చెవి కదిపింది. నెత్తికి అవ్వ ఎర్ర రుమాలు చుట్టి తలపాగా చేసింది. బర్రె నెమరు ఆపింది.

"ఇగ బీడీ ముట్టియ్యే," అన్నది అవ్వ.

"అవ్వా, లక్షల బీడీలు చుట్టిన, ఒక్కటి మూతిల వెట్టలే!"

"మరి పెట్టు. ఎట్ల చుట్టినవో నీకూ ఎరుకైతది."

ఆమె బీడీ ముట్టించి, కళ్ల నీళ్లు పెట్టుకుని, దగ్గి దగ్గి బర్రె పక్కన గొంతుక్కూర్చుంది. పొగ తగలగానే బర్రె తోక వాలిపోయింది. ఆ తర్వాత బిందెలో చర్ర్ చర్ర్‌మని ధారలు పడ్డాయి. అవ్వ ఆమె చుట్టూ ఒక తిరుగు తిరిగి చూసింది.

"నీ మొగనికంటే నువ్వే ముద్దుగున్నవే!"

"నవ్వియ్యకు అవ్వా, బీడీ పడ్తది!"

ఈ సంగతి ఆఫీసులో చెప్పవలసింది. నెలవారీ నివేదిక ముందేసుకుని, లబ్ధిదారు ధోతి కట్టుకుని బీడీ తాగుతూ పాలు పితుకుతున్నారని ఎలా రాయాలో తెలియక, "మెలకువలు నేర్చుకున్నారు" అని రాసి ఊరుకున్నాను. అదే నేను చేసిన తప్పు.

ఎందుకంటే తనిఖీ సారు చెప్పకుండా వచ్చారు. హైదరాబాద్ నుంచి తెల్లవారేసరికి నిజామాబాద్‌లో దిగి, ముందే కనుక్కున్న చిరునామా పట్టుకుని, జీపుతో నేరుగా మా గుమ్మం ముందు ఆగారు. పాప నోట్లోంచి నన్ను లాక్కొని, భుజం మీద ఉగ్గు మరకతోనే జీపెక్కాను. పాప సగం తాగింది, మిగతా సగం నాతోనే బయలుదేరింది. దారిలో సారు చెరుకు లారీల వెనక నిదానంగా పోతూ తన అభిప్రాయం చెప్పారు.

"ఈ పథకాల్లో మగవాళ్లను అస్సలు నమ్మకూడదండీ. నేనూ మగవాణ్నే కదా, నాకు తెలుసు."

ఊరి మొదట్లో నుంచే ఆ ఇంటి పెరడు కనిపిస్తుంది. అక్కడ బర్రె, బర్రె పక్కన ధోతి, ధోతి మీద ఎర్ర తలపాగా, దాని చుట్టూ పొగ.

"చూశారా!" అన్నారు సారు. పోయిన వస్తువు దొరికినంత సంతోషంగా ఉంది ఆయన ముఖం.

నేను నోరు తెరిచేలోపే ఆయన జీపు దిగి దడి దగ్గరికి పోయి గద్దించారు. "ఏమయ్యా! నీ భార్యకిచ్చిన బర్రెను నువ్వు పితుకుతున్నావా? ఆమె ఏది?"

పితకడం మధ్యలో ఉంది, నోట్లో బీడీ ఉంది. ఆమె ఒక చెయ్యి ఎత్తి ఆగమన్నట్టు ఊపింది.

"పొగరు చూడండి!"

ఇక తప్పక ఆమె బీడీ తీసింది. "నేనే సారూ, భార్యను."

సారు ఆమెను చూశారు, నన్ను చూశారు. నేను బర్రె సంగతి మొదటి నుంచి చెప్పాను, చెబుతున్న కొద్దీ నాకే అబద్ధంలా వినిపించింది. ఆయన చేతులు కట్టుకున్నారు.

"వినడానికి బాగుంది. రోజూ భర్తే పితుకుతాడు, నేను వస్తున్నానని ఇవాళ ఈమెను కూర్చోబెట్టారు. తొందరలో బట్టలు మార్చడం మరిచారు. అంతేనా? చీర కట్టుకుని పితికి చూపించమనండి."

మేం వస్తున్నట్టు వాళ్లకు ఎలా తెలుస్తుందని ఆయన్ను అడగవలసింది. ఆ ప్రశ్న నాకు రెండు రోజుల తర్వాత తట్టింది.

ఆమె చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. బర్రె వెనక్కి తిరిగి, ఈమె ఎవరన్నట్టు చూసి, బిందెను ఒక్క తన్ను తన్నింది. ఆమె మళ్లీ పొదుగు పట్టింది. చుక్క లేదు. సారు జేబులోంచి పెన్ను తీశారు. గుమ్మంలో పెద్ద పిల్ల చాట ఒళ్లో పెట్టుకుని, బీడీ మూతి మలవడం ఆపి ఆ పెన్ను వైపే చూస్తోంది.

పెద్దవాళ్లతో గట్టిగా మాట్లాడటం నాకు చేతకాదు. ఎస్టీడీ బూత్ అబ్బాయి చిల్లర తక్కువిచ్చినా అడగను. కానీ సారు తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకున్నారు. దూరం నుంచి చూస్తే ధోతి లాగే ఉంది.

"సార్, మీరు ఒక్క నిమిషం బర్రె ముందు నిలబడతారా?"

ఆయన జవాబు చెప్పేలోపే అవ్వ ఆయన తలకు ఎర్ర రుమాలు చుట్టేసింది. చేతిలో ముట్టించిన బీడీ పెట్టింది.

"నేను తాగనండీ!"

"తాగకుండ్రి, పట్టుకోండ్రి సారూ. పొగ దాని మొకం దిక్కు పోనియ్యండ్రి."

బర్రె సారును వాసన చూసింది. చొక్కా గుండీ దగ్గర నుంచి భుజం దాకా ఒకసారి నాకింది. సారు కళ్లు మూసుకున్నారు. బర్రె కూడా కళ్లు మూసుకుంది. తోక వాలింది.

చర్ర్.

"చేపింది!" అని అవ్వ అరిచింది. "కదలకుండ్రి సారూ!"

ఆయనకు ముక్కు దురద పెట్టింది. చెయ్యి ఎత్తబోతే ధార సన్నబడింది.

"కదలకుండ్రి అంటే!" చీరలో కూర్చున్న ఆమె అరిచింది. ఆయన చెయ్యి దించారు. దడి అవతల సగం ఊరు చేరింది. దిష్టి తీయడానికేమో, ఎవరో నల్ల కోడిని చంకలో పెట్టుకుని వచ్చారు. అంతమంది మధ్య నా పాప మిగిల్చిన సగం కూడా చేపింది, నేను కొంగు నిండుగా కప్పుకున్నాను. మొత్తానికి అక్కడ ఆ పొద్దున పాలకు కొదవ లేదు.

బిందె అంచు దాకా నిండాక ఆమె లేచింది. సారు ఇంకా నిలబడే ఉన్నారు.

"అయిపోయిందా అండీ?" అన్నారు మెల్లగా.

జీపు బానెట్ మీద కాగితం పెట్టి ఆయన రాయడం మొదలుపెట్టారు. పాలు ఎవరు పితుకుతున్నారన్న చోట ఆమె పేరు రాశారు. బర్రె ఈ ఇంట్లోనే ఉండాలని రాశారు. చివర్లో పెన్ను ఆగింది.

"ఇక్కడ ఒక గడి ఉంది. బర్రె పనిలో మగవాళ్ల పాత్ర ఏమిటని. ఏం రాయమంటారు?"

నేను తగిన మాట కోసం వెతుకుతున్నాను. ఆమె బిందె చంకనెత్తుకుంది, కూతురి ఒళ్లోంచి చాట తీసి పక్కన పెట్టింది, పిల్లను మొహం కడుక్కోమని లోపలికి తోలింది. తర్వాత సారు వైపు తిరిగింది.

"నిలవడ్డరు అని రాయండ్రి సారూ. గంతే."

ఆయన అదే రాసి సంతకం పెట్టారు.