ఊపిరితిత్తిలో నెత్తురు గడ్డ

మా అక్కకు దమ్ము, అదే ఉబ్బసం, ఉన్న సంగతి పద్మనగర్‌లో మగ్గాల పనికి వలసొచ్చిన మా చాల్ వరుస ఇళ్లవాళ్లందరికీ తెలుసు. పెళ్లయినప్పటి నుంచీ మగ్గాల షెడ్డులో కండెలు చుట్టే పని ఆమెది. నూలు దుమ్ము పడక ఛాతీలో పిల్లికూతలు లేచేవి. నడుముకు దోపుకున్న మందు పంపు తీసి నోట్లో కొట్టుకుని మళ్లీ పనిలో కూర్చునేది. చూసి చూసి మాకది జబ్బులా అనిపించేదే కాదు.

మొన్నటి వానాకాలం మాత్రం దమ్ము ముదిరి మంచం పట్టింది. తేరుకుంటోందని అనుకుంటుండగా, ఒక పొద్దున చాయ్ తాగుతూ ఉన్నట్టుండి ఎగశ్వాసతో ఒరిగిపోయింది.

"పంపు కొట్టుకో అక్కా!"

"కొట్టిన్రా. ఏం ఫరక్ పడుతలేదు. ఊపిరి పీలిస్తె పక్కల కత్తి గుచ్చినట్టయితాంది."

అప్పుడు గమనించాను, పిల్లికూతలు లేవు. దగ్గి చెంగుతో మూతి తుడుచుకుంది. చెంగుకు నెత్తురు.

ఆటోలో ధామన్‌కర్ నాకా కూడలి దగ్గరి ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు ఛాతీ చూసి, ఆ వెంటనే కాళ్లు చూశాడు. ఎడమ పిక్క వాచి ఎర్రగా ఉంది.

"అది నాలుగొద్దుల సంది గుంజుతాంది. పండుకొని పండుకొని పట్టేసిందనుకున్న" అంది అక్క.

స్కానింగ్ అయ్యాక డాక్టరు నన్ను బయటికి పిలిచి హిందీలో చెప్పాడు. కాలి రక్తనాళంలో కట్టిన నెత్తురు గడ్డ ఊడి, ఊపిరితిత్తికి చేరి అడ్డం పడిందట.

దమ్ముకూ నెత్తురు గడ్డకట్టడానికీ సంబంధమేమిటని అడిగాను. దమ్ము బాగా ముదిరినవాళ్లలో ఒంట్లో ఉండే వాపు వల్ల నెత్తురు గడ్డకట్టే గుణం కొంత పెరగవచ్చనీ, దానికి కదలకుండా పడుకోవడం తోడైందనీ చెప్పాడు. అందరికీ ఇట్లా కాదన్నాడు. కానీ ఆయాసం వచ్చిన ప్రతిసారీ అది దమ్మేనని అనుకోవద్దన్నాడు.

సూదిమందులు పనిచేశాయి. కొన్ని రోజులు ఉంచుకుని, నెత్తురు పలచబడే గోలీలు రాసిచ్చి ఇంటికి పంపారు. ఆటోలో అక్క నెమ్మదిగా అడిగింది.

"ఆ గడ్డ తీసేసిన్రారా?"

"లేదక్కా. దానంతటదే కరుగుతదట."

"అంటె ఇంక లోపట్నే ఉన్నదా?"

ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు.