విజయరత్నం పారశీక సైన్యం

విజయరత్నం పోర్టు వర్క్‌షాపులో పెయింటరు. టగ్గు పడవల మీద పేర్లు, క్రేన్ల మీద నంబర్లు రాసేవాడు. డెబ్బై ఆరులో సరుకు దించడానికొచ్చిన ఓ విదేశీ ఓడ రేడియో ఆఫీసరు, అతని రాత చూసి ముచ్చటపడి ఒక రేకు డబ్బా ఇచ్చిపోయాడు. అందులో వేలెడు కూడా లేని సీసం బొమ్మలు. పాతకాలపు పారశీక సైన్యం. తడికె డాళ్ళ వెనక విలుకాళ్ళు, ఒంటె రౌతులు, చక్రాలకు కత్తులు కట్టిన రథాలు. పాచికలేసి వాటితో యుద్ధం ఆడే పద్ధతి చెప్పే చిన్న పుస్తకం కూడా ఉంది.

చర్చిలో పాస్టరుగారి నోట విన్న పారశీక రాజులు కోరెషు, దర్యావేషుల సైన్యం తన అరచేతిలోకి వచ్చేసరికి విజయరత్నానికి పిచ్చి పట్టింది. యారాడ జాలరుల దగ్గర పాత వలల సీసం గుళ్ళు తెచ్చేవాడు. వాటిని ఇనప గరిటెలో కరిగించి, ప్లాస్టర్ అచ్చుల్లో పోసి, ఓడలకు వేయగా మిగిలిన రంగులతో కళ్ళూ గడ్డాలూ దిద్దేవాడు. భార్య విమలమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పింగాణీ కప్పుల్ని అద్దాల బీరువాలోంచి తీసి మంచం కిందికి తోసేశాడు. ఆ అరల్లో సైన్యాన్ని బారులు తీర్చాడు. ఇంటికి ఎవరొచ్చినా ముందు బీరువా చూడాలి, తర్వాతే మంచినీళ్ళు.

చెల్లెలు ప్రేమలీల మొగుడు సుందర్ రాజ్‌కీ ఆ సరదా అంటుకుంది. అతను గ్రీకు సైన్యం పోసుకున్నాడు. వాటికి రంగులు వేసేది ప్రేమలీలే. ఆదివారం ఆరాధన అయ్యాక బావలిద్దరూ బల్ల మీద యుద్ధం ఆడేవారు. మొదట్లో గెలుపంతా విజయరత్నానిదే. ఆ పొగరులో అతనే కొత్త షరతు పెట్టాడు.

“సచ్చినోడు సచ్చినట్టే ఉండాల బావా. గెలిసినోడు ఆడ్ని కరిగించీయాల. ఒప్పుకుంతావా?”

సుందర్ రాజ్ రోషానికి ఒప్పుకున్నాడు. చెల్లెలు వారాల తరబడి రంగులేసిన గ్రీకుల్ని అన్న ఈల వేసుకుంటూ గరిటెలో పడేసేవాడు. తర్వాత పాచికలు తిరగబడ్డాయి. ఒక ఆదివారం విజయరత్నం రథాలన్నీ పోయాయి. అవి కరుగుతుంటే సుందర్ రాజ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వును విజయరత్నం మర్చిపోలేదు.

ఎనభై మూడులో ప్రేమలీల కిడ్నీలు చెడి చనిపోయింది. ఆట ఆగిపోయింది. కొన్ని నెలల తర్వాత సుందర్ రాజ్ తన గ్రీకుల పెట్టె పట్టుకుని వచ్చాడు. మనిషి సగమయ్యాడు. బల్ల ముందు కూర్చున్నాడే గానీ పాచికల వైపు చూడనేలేదు. చూస్తుండగానే గ్రీకులు కూలారు. చివరికి ఎర్ర శాలువా కప్పుకున్న గుర్రపురౌతు, వాళ్ళ అలెగ్జాండరు, పడిపోయాడు.

విజయరత్నం స్టవ్ వెలిగించాడు.

“ఈడొక్కడ్నీ ఒగ్గీ బావా. ఆసుపత్రి మంచం మీద కూకుని లీల ఏసిన రంగిది. అదే ఆకర్ది,” అన్నాడు సుందర్ రాజ్.

“ఆడికో మాటా, ఈడికో మాటా ఉండదు. నా రతాలు కరిగినప్పుడు నువ్వేటి సేసినావు? నవ్వినావు.”

విమలమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. “మనసుందా మీకు? మీ సెల్లి సేత్తో ఏసిందండీ! ఇచ్చీండి.”

“నువ్ లోపలికెల్లు.”

గుర్రపురౌతును గరిటెలో పెట్టాడు. ఎర్రరంగు బుడగలెత్తి నల్లబడింది. గుర్రం మెడ వాలింది. గదంతా పెయింటు కంపు. సుందర్ రాజ్ కళ్ళు తిప్పుకోకుండా చూశాడు.

“ఆడ్డానికి రాలేదు బావా నాను. ఇంటికాడ ఒక్కడ్నీ ఉండలేక వచ్చినాను,” అన్నాడు.

పెట్టెలో మిగిలిన గ్రీకుల్ని గుప్పిళ్ళతో తీసి, తనే ఆ గరిటెలో పోశాడు. ఉత్త చేతులతో వెళ్ళిపోయాడు.

ఆ సీసాన్ని విజయరత్నం వృథా చేయలేదు. బల్లేలు పట్టిన పారశీకుల్ని పోసి, కొత్త వరుసగా నిలబెట్టాడు. క్రిస్మస్‌కు చర్చి హాల్లో ప్రదర్శనకు పెడితే జనం మెచ్చుకున్నారు. ఇంటికొచ్చాక విమలమ్మ అడిగింది:

“ఈల్లలో లీల ఎక్కడుందండీ?”

అతను బీరువా తలుపు వేసి తాళం తిప్పాడు. అప్పట్నుంచి ఆవిడ ఆ గది ఊడ్వడం మానేసింది. ఆదివారాలు అతను రెండు వైపులా తనే పాచికలేసుకుని ఆడేవాడు. పారశీకుల మీద పారశీకులు.

ఎనభై ఎనిమిదిలో దువ్వాడ స్టేషన్లో సుందర్ రాజ్ కనిపించాడు. పక్కన కొత్త భార్య. విజయరత్నం ఉండబట్టలేక దగ్గరికెళ్ళాడు.

“బావా!”

సుందర్ రాజ్ తల తిప్పి, నిదానంగా చూశాడు.

“ఎవులండీ?” అని అడిగిందామె.

“పోర్టులో పెయింటర్. ఎప్పుడో పరిచయం,” అన్నాడు సుందర్ రాజ్, సంచి భుజానికెత్తుకుంటూ.

బండి వచ్చింది. వాళ్ళిద్దరూ ఎక్కారు. విజయరత్నం ఎక్కాల్సిందీ అదే బండి. అతను ప్లాట్‌ఫారం మీదే నిలబడిపోయాడు.