ఆట మధ్యలో బయటికి రాని మా అన్న

మా అన్న ఒండ్రె హుదాక్ పేరు కాలేజీ గోడకి కొట్టిన రాగి పలక మీద ఉంది. పందొమ్మిది వందల ముప్ఫై ఒకటో సంవత్సరం ఫుట్‌బాల్ ఛాంపియన్లు, పదకొండు మంది. మా పెన్సిల్వేనియా లోయలో ముసలాళ్ళు ఇప్పటికీ ఆ జట్టు కథ చెప్పుకుని మీసాలు మెలేస్తారు. నాకు మాత్రం ఆ పలక చూస్తే ఒళ్ళు మండుతుంది.

మా నాన్న స్తెఫాన్ పన్నెండేళ్ళప్పుడే బొగ్గు గనిలో దిగాడు. ఊపిరి తీస్తే పిల్లికూతలే. ఆయనకి జీవితంలో ఒక్కటే పట్టుదల: కొడుకు గనిలోకి దిగకూడదు. ఒండ్రె దున్నపోతులా పెరిగాడు. కాలేజీ కోచ్ మెరిల్ వచ్చి మా వంటింట్లో కూర్చుని, అమ్మ పెట్టిన కాబేజీ చారంతా తాగి, "ఆడితే చదువు ఉచితం. ఛాంపియన్‌షిప్ కొట్టామా, మీవాడికి స్కూల్లో ఆటల మాస్టారి ఉద్యోగం నేనిప్పిస్తా" అన్నాడు. నాన్న ఆ రాత్రి చర్చికి వెళ్ళి కొవ్వొత్తి వెలిగించి వచ్చాడు.

బంతి చంకన పెట్టుకుని పరిగెత్తే ఆట అది. ఒండ్రె పని ఎదుటివాణ్ణి భుజంతో, తలతో గుద్ది దారి చెయ్యడం. తలకి పల్చటి తోలు టోపీ, అంతే. ఆ రోజుల్లో రెండో సగంలో బయటికొచ్చినవాడు మళ్ళీ లోపలికి పోకూడదు. అందుకని బయటికి రావడమే నామోషీ. మా జట్టు ఆ పంతాన్ని ఇంకాస్త ముదరబెట్టింది: మొదలుపెట్టిన పదకొండు మందే ప్రతి ఆటా ముగించాలి. పత్రికలు దాన్నే ఆకాశానికెత్తాయి. మిగతా కుర్రాళ్ళు సీజనంతా బెంచీ మీద దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు.

అక్టోబరులో ఒక ఆటలో ఒండ్రె తల అదిరింది. ఆదివారం చర్చి నుంచి తిరిగొచ్చి, బూట్లు విప్పుతూ, "అమ్మా, చర్చికి టైమవలేదా?" అన్నాడు.

"ఏంటన్నా, తాగొచ్చావా?" అన్నాను.

"తల కాస్త దిమ్ముగా ఉందే. అందరికీ ఉంటుంది."

"కోచ్‌కి చెప్పు."

"చెప్తే కూర్చోబెడతాడు. అప్పుడు ఉద్యోగం ఎవడిస్తాడే, నువ్విస్తావా?"

నాన్న విన్నాడు. చారులో చెంచా తిప్పుతూ, "ఇంకెన్ని ఆటలున్నాయిలే" అన్నాడు.

ఆఖరి ఆట నవంబరు చివర్లో, మంచు కరిగిన బురదలో జరిగింది. రెండో సగంలో ఎవడిదో మోకాలు ఒండ్రె చెవి వెనక తగిలింది. లేచాడు. నడుచుకుంటూ పోయి ఎదుటి జట్టు గుంపులో నిలబడ్డాడు. జనం పగలబడి నవ్వారు. "ఏయ్ హుదాక్, వాళ్ళేమన్నా పిల్లనిస్తామన్నారా?" అని నా వెనకెవడో అరిచాడు. కెప్టెన్ వెళ్ళి జబ్బ పట్టుకుని లాక్కొచ్చాడు. కోచ్ ఒకసారి బెంచీ వైపు చూశాడు. అప్పుడు మైదానం అంచున కట్టిన తాడు దాకా నాన్న దిగి వెళ్ళాడు. అన్నని బయటికి పిలిచెయ్యమంటాడనుకున్నాను, నా ప్రాణం లేచొచ్చింది. ఆయన టోపీ తీసి ఊపుతూ, "మావాడికేం కాలేదండీ! ఉంచండి!" అని అరిచాడు.

ఉంచారు. గెలిచాం. అన్నని భుజాల మీద ఊరేగించారు. ముక్కునుంచి రక్తం కారుతుంటే, వచ్చినవాళ్ళందరికీ పేరుపేరునా కాకుండా ఊరికే థాంక్స్ చెప్తూ పోయాడు. అమ్మకి కూడా చెప్పాడు, ఎవరో పరాయి మనిషికి చెప్పినట్టు.

మెరిల్ మాట తప్పలేదు. ఉద్యోగం వచ్చింది. కొత్త కోటు తొడుక్కుని వెళ్ళిన అన్న పిల్లల్ని వరసలో నిలబెట్టి, ఏం చెప్పాలో మర్చిపోయి, చీకటి పడేదాకా అలాగే ఉంచేశాడు. వారం తిరక్కుండానే పంపేశారు. తర్వాత ఇంకో స్కూలు, ఆ తర్వాత మాంసం కొట్టు. ఎక్కడా నిలవలేదు. ఈలోగా నాన్న ఊపిరితిత్తులు పూర్తిగా పోయాయి.

ఒక పొద్దున నాన్న తనే అన్నకి గడ్డం గీసి, తన దీపం టోపీ తలకి పెట్టి, గని దగ్గరికి తీసుకెళ్ళాడు. నేనూ వెంట నడిచాను.

"మావాణ్ణి తీసుకోండయ్యా. పదిమంది పెట్టు."

ఫోర్‌మన్ అన్న వైపు తిరిగి, "ఇవాళ ఏ వారంరా?" అన్నాడు.

అన్న నవ్వుతూ నాన్న మొహంలోకి చూశాడు.

"స్తెఫాన్, నన్ను చంపినా వీణ్ణి కిందికి పంపలేను. తోటివాళ్ళ ప్రాణాలు పోతాయి."

"బండ్లు తోయడానికన్నా పెట్టుకోండి. మీ కాళ్ళు పట్టుకుంటా, వాణ్ణి లోపలికి పంపండి బాబూ" అంటూ మా నాన్న ఆ బొగ్గుపొడిలో కూలబడిపోయాడు. అన్న పక్కనే బుద్ధిగా నిలబడి, తన వంతు ఎప్పుడొస్తుందా అని గనిలోకి దిగే లిఫ్టు వైపు చూస్తున్నాడు.