నాడె మనిషికి వేసిన మార్కులు

మా తమ్ముడు ఉన్నది మస్కట్‌లో. మా సిరిసిల్లలో మాత్రం సముద్రం దాటిన ప్రతివాడూ దుబాయి పోయినట్టే. వాడు ఉత్తరాలు రాసేవాడు కాదు. మరదలికి చదువు రాదు, మొగుడి మాటలు వేరేవాళ్ల నోట వినడం ఆమెకు ఇష్టం లేదు. అందుకని క్యాసెట్లు పంపేవాడు. తొంభైల మొదట్లో మా వాడలో చాలా ఇళ్ల పద్ధతి అదే. సెలవు మీద ఎవరు వస్తే వాళ్ల సంచిలో క్యాసెట్ వచ్చేది. వాళ్లు తిరిగి పోయేటప్పుడు మా గొంతులు నింపిన క్యాసెట్ పోయేది.

మొదటి వైపు ఇంటిల్లిపాదికి. "అందరు మంచిగున్నరా? నేనైతె మంచిగున్న, నా గురించి ఫికర్ చెయ్యకుండ్రి" అని మొదలయ్యేది. ఏ క్యాసెట్ పెట్టినా ఆ మాటల్లో తేడా ఉండేది కాదు. రెండో వైపు వాడి బిడ్డకు. అప్పుడు ఆ పిల్ల ఐదో తరగతి. ఆ వైపు నిండా నాడె మనిషి కథ.

మరమగ్గాలను మేము సాంచెలంటాం. తమ్ముడు పోకముందు వాటి మీదే పనిచేసేవాడు. సాంచెలో ఈ అంచు నుంచి ఆ అంచుకు, మళ్లీ ఆ అంచు నుంచి ఈ అంచుకు నూలు మోసుకుని పరుగెత్తే కొయ్యముక్క పేరు నాడె. వాడు కల్పించిన వీరుడు అలాగే పరుగెత్తేవాడు. నడుముకు ఒక దారం కట్టుకునేవాడు. దాని రెండో కొస వాళ్ల ఇంటి తలుపు గొళ్లేనికి కట్టి ఉండేది. కాళ్లు దగ్గరికి ముడుచుకుని ఒక్క ఊపు ఊగితే సముద్రం అవతల తేలేవాడు. మునిగే ఓడను దారంతో లాగి ఒడ్డుకు చేర్చేవాడు. ఇసుక తుఫానును మూటగట్టి ఎవరూ లేనిచోట విప్పేవాడు. మా మానేరు వాగు ఎండిందంటే ఎక్కడినుంచో ఒక మబ్బును ఈడ్చుకొచ్చేవాడు. ఎంత దూరం పోయినా, ఏం చేసినా, కథ ఒక్క మాటతోనే ముగిసేది: "పొద్దుగూకె యాళ్లకు ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కొని, బిడ్డతోని కూసోని అన్నం తిన్నడు."

నేను బట్టల సేటు దగ్గర గుమస్తాను. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి బడులు మూతబడ్డప్పుడు సాంచెల మీదికి పోయిన వాణ్ని, బడులు తెరిచాక తిరిగి పోలేదు. లెక్కలు మాత్రం నన్ను వదల్లేదు. దొరికిన పుస్తకమల్లా చూసి సొంతంగా నేర్చుకున్నాను. సరాసరి, శాతం, ఒక అంకె తక్కినవాటికి ఎంత దూరంలో ఉందో తీయడం, ఇవన్నీ అలా పట్టుబడ్డవే. ఆ సంగతి తెలిసి మా వాడలోనే ఇల్లున్న ఒక సారు నన్ను పిలిచారు. ఆయన కరీంనగర్‌లో పంతుళ్లను తయారుచేసే కాలేజీలో మనస్తత్వ శాస్త్రం చెప్పేవారు. ఏదో పరిశోధన చేస్తున్నారు. కట్టలు కట్టలుగా కాగితాలు తెచ్చి నా ముందు పెట్టి, కూడి పెట్టమన్నారు.

మనిషి స్వభావాన్ని ఐదు వైపుల నుంచి కొలవొచ్చట. కొత్తదాని మీద ఎంత ఇష్టం, పని మీద ఎంత పట్టు, నలుగురితో ఎంత కలుపుగోలు, ఎదుటివాళ్ల మీద ఎంత దయ, మనసులో ఎంత కలత. ఇంగ్లిషులో వీటికి పెద్ద పేర్లున్నాయి, నాకు ఈ మాటలే నిలిచాయి. కాగితంలో ప్రశ్నలుండవు, వాక్యాలుంటాయి. ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు దాకా వేయాలి. అసలు కాదంటే ఒకటి, ముమ్మాటికీ అవునంటే అయిదు. కొన్నిటిని తిరగేసి లెక్కపెట్టాలి. "రాత్రి హాయిగా నిద్రపోతాడు" అన్నదానికి అయిదు వేస్తే కలత లెక్కలో అది ఒకటి అవుతుంది. ఏదైనా ఖాళీగా వదిలేస్తే మధ్య అంకె, మూడు, మనమే వేసుకోవాలి. గుణానికి అంకె వేయడమేమిటని మొదట్లో అనుకున్నాను గాని, కూడుతూ పోతుంటే ముఖం చూడని మనుషులు కొంచెం కొంచెం కనిపించేవారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ పని చేసుకుంటుంటే పిల్ల వచ్చి పక్కన కూర్చుంది.

"పెద్దబాపు, గివన్ని ఎవరి మార్కులు?"

"పంతుళ్లయి."

"పంతుళ్లకు గూడ మార్కులేస్తరా?" నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా పంతులుకు ఎన్నొచ్చినయి? ఫెయిలయిండా?"

వాళ్లమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. "ముందుగాల నీ లెక్కల మార్కులు చెప్పు మీ పెద్దబాపుకు. పంతులు ముచ్చట తర్వాత" అంది.

పిల్ల అది విననట్టే ఒక ఖాళీ కాగితం లాక్కుంది. "నాడె మనిషికి ఏద్దాం."

నేను చదివాను, తను వేసింది. కొత్త ఊళ్లంటే ఇష్టపడతాడా, అయిదు. మొదలుపెట్టిన పని వదలడా, అయిదు. చిన్న విషయాలకే దిగులుపడతాడా అంటే నన్ను జాలిగా చూసింది. "నాడె మనిషా? ఆయనకు దిగులంటె ఎట్లుంటదో గూడ తెల్వదు. ఒకటి." నిద్రపోతాడా? "అన్నం తినంగనే పంటడు. అయిదు." అన్న మాట నిలబెట్టుకుంటాడా? "గదేం ప్రశ్న? దినాం ఇంటికొస్తలేడా?" అయిదు.

సరదాకి ఆ కాగితాన్ని కూడా కూడి, కట్ట మీద పెట్టాను. సారు వచ్చి చూసి, పేరు లేదే, ఈయన ఎవరన్నారు. పిల్ల చెప్పింది. ఆయన నవ్వలేదు. పంతుళ్ల కాగితాల గురించి చెప్పినట్టే చెప్పారు.

"ఇట్లాంటివి నేను పక్కన పెడుతనమ్మా. అన్ని మంచివే చెప్పుకున్నవాడు మనకు ఏం చెప్పనట్టే."

ఆయన పోయాక పిల్ల ఆ కాగితం వెనక్కి తీసుకుని మళ్లీ చూసుకుంది. మా బాపు చెప్పినవన్నీ అబద్ధాలా అని అడుగుతుందేమో అనుకున్నాను. అది అడగలేదు. "ఆయన్ను అడగకుండ మనమే ఏస్తిమి, అందుకే సారు నమ్మలే. బాపునే అడుగుదాం" అంది.

టేప్ రికార్డర్ ముందు మఠం వేసుకుని, రెండు మీటలూ ఒకేసారి నొక్కి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు వాక్యాలన్నీ చదివింది. చివర, "బాపూ, నాడె మనిషి తరపున నువ్వే జవాబు చెప్పాలె. నిజం చెప్పాలె, లేకుంటె సారు పక్కకు పెడ్తడు" అని గట్టిగా చెప్పింది. ఎదురింటతను సెలవు అయిపోయి తిరిగి పోతుంటే ఆ క్యాసెట్ అతని సంచిలో పెట్టాం.

జవాబు బతుకమ్మ పండుగ దాటాక వచ్చింది. మొదటి వైపు అందరం కూర్చుని విన్నాం. మంచిగున్న, ఫికర్ చెయ్యకుండ్రి. తర్వాత పిల్ల కాగితమూ పెన్సిలూ తెచ్చుకుని క్యాసెట్ తిప్పింది. మరదలు చాట ముందుకు లాక్కుంది.

వాడు అక్కడ ఒక టేపులో బిడ్డ క్యాసెట్ పెట్టి, ఒక్కో వాక్యం దగ్గర ఆపి, ఇంకో టేపులోకి జవాబు చెబుతున్నాడు. అంటే మేము ముందు విన్నది మా పిల్ల గొంతే. సముద్రం దాటి పోయి తిరిగొచ్చి, దూరంగా, సన్నగా వినిపించింది. వెనక గదిలో మగవాళ్ల నవ్వులు. "అరె, నాడె మనిషికి ఇంటర్వ్యూ అయితుంది. జర సప్పుడు చెయ్యకుండ్రి" అని తమ్ముడి అదిలింపు.

కొత్త ఊళ్లు? "అయిదు బిడ్డా. ఆయనకు పాస్‌పోర్ట్ గూడ అక్కర లేదాయె." నవ్వులు. మొదలుపెట్టిన పని వదలడా? "అయిదు. వదిలిపెడితె మేస్త్రి ఊకుంటడా?" మళ్లీ నవ్వులు. పిల్ల కూడా నవ్వుతూ రాసుకుంది.

తర్వాత తలుపు చప్పుడైంది. గదిలో వాళ్లు డ్యూటీకి పోయినట్టున్నారు. నవ్వులు లేవు.

నలుగురిలో ఉంటే హుషారుగా ఉంటాడా? "ముందుగాల ఉంటుండె." కాసేపు టేపు తిరిగిన చప్పుడే. "ఇప్పుడైతె రెండెయ్యి."

"రెండా?" పిల్ల తలెత్తి టేపు రికార్డర్‌ను అడిగింది.

ఎదుటివాళ్లు బాధలో ఉంటే తన పని మానుకుని వెళతాడా? "పోవాల్ననే ఉంటది బిడ్డా. పోనియ్యరు. దానికి ఎంత ఎయ్యాల్నో మీ పెద్దబాపును అడుగు."

పిల్ల నన్ను చూసింది. మూడు వేయమన్నాను.

హాయిగా నిద్రపోతాడా? "ఒకటి." చిన్న విషయాలకే దిగులుపడతాడా? "అయిదు." ఆలోచించుకోకుండా చెప్పేస్తున్నాడు, రేషన్ షాపులో వరసగా పేర్లు పిలిచినట్టు. ఊరికే ఏడుపు వస్తుందా? "అయిదు. ఎవలు లేనప్పుడు." అన్న మాట నిలబెట్టుకుంటాడా? "ఒకటి బిడ్డా."

"గిది తప్పు" అంది పిల్ల. "ఆయన దినాం పొద్దుగూకె యాళ్లకు వస్తడు గదా. బాపు మర్చిపోయిండు." ఒకటి వేయడానికి పెన్సిల్ కదలలేదు. మరదలి చేతులు ఆగిపోయి ఉన్నాయి. పిల్ల చేతిలోంచి పెన్సిల్ తీసుకుని ఆమే గీత గీసింది. ఒకటి అంటే ఒక గీతే కదా, అది ఆమెకు వచ్చు.

టేపులో పిల్ల గొంతు చివరి వాక్యం చదివింది: "రేపు మంచి జరుగుతుందని నమ్ముతాడు." తమ్ముడు ఊపిరి తీసుకున్నట్టు వినిపించింది. అంతలో మీట టక్కుమని పైకి లేచింది. క్యాసెట్ అయిపోయింది.

నేను కాగితం తీసుకుని, జవాబు లేని చివరిదానికి మూడు అనుకుని, అన్నీ కూడి చూశాను. కలత దగ్గర వచ్చిన అంకె చూసి, తిరగేయాల్సినవి తిరగేయలేదేమో అని మళ్లీ మొదటినుంచి చేశాను. అదే వచ్చింది. అప్పటిదాకా నేను కూడిన కట్టల్లో ఏ పంతులుకూ అంత రాలేదు. మూడోసారి మొదలుపెట్టబోతుంటే మరదలు అంది:

"ఎన్నిసార్లు కూడుతవు బావా? గా గొంతు వినవడ్తలేదా నీకు? రమ్మను."

సారుకు చూపించాను. ఆయన కాగితం మొత్తం నిదానంగా చదివారు. "ఇది పక్కన పెట్టేది కాదు. అతన్ని ఇంటికి రమ్మనండి" అన్నారు.

ఆ సాయంత్రమే క్యాసెట్ నింపాం. టేపు ముందు ఎప్పుడూ రెండు మాటలకు మించి మాట్లాడని మరదలు ఆ రోజు మాట్లాడింది. "వచ్చెయ్యి. సాంచెలున్నయి, బీడీలున్నయి. ఎట్లనో గట్ల బతుకుదం. నువ్వు మంచిగున్న అని ఇగ చెప్పకు." నేను, ఇక్కడి సంగతి నేను చూసుకుంటాను, నువ్వు ఆలోచించకు అన్నాను. పిల్ల, "నాడె మనిషికి సెలవియ్యమని మీ మేస్త్రికి చెప్పు" అంది.

క్యాసెట్ వాడికి చేరింది. అది నాకు తర్వాత తెలిసింది. విన్నాడట. మర్నాడే పోయి సెలవు అడిగాడట. పాస్‌పోర్ట్ కంపెనీ ఆఫీసులో ఉంటుంది, కడుతున్న బిల్డింగు స్లాబు అయిపోయాక ఇస్తామన్నారట. ఆ మాట మా దాకా రాకముందే సేటు దుకాణానికి ఫోన్ వచ్చింది. సేటు రిసీవర్ నా చేతికిచ్చి, ఎందుకో కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

తమ్ముడున్న పెట్టె రావడానికి చాలా రోజులు పట్టింది. దాన్ని వెంటబెట్టుకుని వచ్చింది వాడి గదిలో ఉండే జగిత్యాల వైపు మనిషి. మానేరు ఒడ్డు నుంచి తిరిగొచ్చాక మా అరుగు మీద కూర్చుని, నేల చూస్తూ చెప్పాడు.

"చాన దినాల సంది నిద్ర లేకుండె అన్నా ఆయనకు. మేమందరం పండినంక పోయి గడప మీద కూసుంటుండె. సెలవు దొరుకుతదని చెప్పిన నాడు మస్తు ఖుషీగ ఉండె. అందరికి చాయ్ పోసిండు. ఆ రోజు పండిండు. తెల్లారి అందరం లేసినం, ఆయన లేవలే. ఇన్ని దినాలకు మంచిగ నిద్ర పట్టింది, లేపకుండ్రిరా అని నేనే అన్న. మేస్త్రికి నేనే చెప్పుకున్న, పానం బాగలేదని. పగటీలి అన్నానికి వచ్చి చూస్తె గట్లనే ఉండె."

మరదలు లోపలినుంచి అంతా విన్నది. వచ్చి అతని ముందు నీళ్ల చెంబు పెట్టింది. "నువ్వేం చేస్తవు తమ్మీ. నిద్రపోతుండనే అనుకుంటివి" అంది. అతను ఆ నీళ్లు తాగలేకపోయాడు.

పిల్ల ఆ జవాబుల క్యాసెట్ పెట్టుకుని వినేది. మొదట్లో మేము వద్దన్నాం, తర్వాత అనలేదు. నవ్వులున్నంత వరకే వినేది. పాస్‌పోర్ట్ మాట, మేస్త్రి మాట. తలుపు చప్పుడు వచ్చే ముందు ఆపేసేది. ఎక్కడ ఆపాలో దానికి ఎంత కచ్చితంగా తెలుసంటే, వంటింట్లో ఉన్న వాళ్లమ్మ కూడా ఆ చోటు వచ్చేసరికి చేస్తున్న పని ఆపేది. నాడె మనిషి కథలున్న పాత క్యాసెట్లు మాత్రం మళ్లీ ముట్టలేదు. అన్నిటి చివరా ఒకటే మాట ఉంటుందని దానికీ తెలుసు.

మరుసటి ఎండాకాలం సారు పరిశోధన ముగిసింది. కాగితాలన్నీ సర్ది ఇచ్చేయమన్నారు. సర్దుతుంటే నాడె మనిషివి రెండూ బయటపడ్డాయి. బిడ్డ వేసింది ఒకటి, తండ్రి వేసింది ఒకటి. తండ్రి వేసినదాంట్లో చివరి గడి ఖాళీగా ఉంది. సారు నియమం ప్రకారం మూడు వేయాలి. కలం పట్టుకుని కూర్చున్నాను గాని మూడు వేయబుద్ధి కాలేదు. మూడంటే అవునూ కాదు, కాదూ కాదు. వాడు ఊపిరి తీసుకున్నది ఆ మాట చెప్పడానికి అయి ఉండదనిపించింది.

మరదలు ఎదురుగా బీడీలు చుడుతోంది. "ఏంది బావా అట్ల చూస్తున్నవు?"

"చివరిది ఖాళీ ఉండిపోయింది. రేపు మంచి జరుగుతుందని నమ్ముతాడా అని."

ఆమె తల ఎత్తలేదు. చుట్టిన బీడీకి దారం వేసి, తెంపి, చాటలో పెట్టింది.

"అయిదెయ్యి. నమ్మకుంటె గంత దూరం పోతుండెనా?"

అయిదు వేశాను. అది తిరగేసి లెక్కపెట్టే వాక్యం, కలతలో ఒకటిగా చేరుతుంది. చేర్చి, మొత్తం కొట్టేసి కొత్తగా రాశాను. రెండు తగ్గింది. అయినా కట్టలన్నిటిలో అదే ఎక్కువ.