గిటారు మీద సాగనంపు దెబ్బ

పుంగనూరులో పాలిష్ పని చేసే ఇమ్తియాజ్ అంగడి ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. బేస్ గిటార్ ఇమ్తియాజ్ ఎక్కడని అడిగితే మాత్రం కాసేపు ఆలోచిస్తారు. మంచాలకూ తలుపులకూ టీపాయ్‌లకూ నునుపు తెచ్చే ఆ మనిషి ఒకప్పుడు మదనపల్లె ఆర్కెస్ట్రాలో నాలుగు తీగల బేస్ వాయించేవాడని తెలిసినవాళ్ళు తగ్గిపోయారు. కీబోర్డు వాయించే మనిషే ఎడమచేత్తో బేస్ కూడా లాగించేయడం మొదలయ్యాక, బేస్ మనిషిని విడిగా పిలవడం మానేశారు. నేను ఆ ఆర్కెస్ట్రాను పెళ్ళిళ్ళలో, జాతరల్లో జనం మధ్య నిలబడి విన్నవాణ్ణి. సంగీతం ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు, వినీ వినీ తెలుసుకున్నదే. ఇమ్తియాజ్ తన ఒక్కగానొక్క బేస్‌కు మెట్లన్నీ పీకేశాడని తెలిసినప్పుడు ఆ అంగడికి వెళ్ళకుండా ఉండలేకపోయాను. ఆయన ఒక తలుపును రుద్దుతూనే మెల్లగా, విడతలు విడతలుగా చెప్పాడు.

మెట్లంటే గిటారు మెడ మీద అడ్డంగా దిగేసిన సన్నటి లోహపు కడ్డీలు. మెట్టుకు కాస్త వెనక వేలు నొక్కితే చాలు, స్వరం తనంతట తానే సరైన చోట నిలబడుతుంది. మెట్లు లేకపోతే ఆ చోటేదో వేలే వెతుక్కోవాలి. పైగా ఇమ్తియాజ్‌కు పేరు తెచ్చింది స్లాప్ వాయింపు. బొటనవేలి కణుపుతో తీగను కొట్టాలి, చూపుడువేలితో ఇంకో తీగను లాగి వదలాలి. అప్పుడు తీగ వెళ్ళి మెట్లకు తగిలి ఖంగుమంటుంది. మెట్లు పీకేసి స్లాప్ కొడతాననడం గజ్జెలు విప్పేసి ఆడతాననడం లాంటిది.

ఆ స్లాప్ ఆయనకు నేర్పింది గిటారు పట్టని మనిషి. పేరు మునికుమార్. రామకుప్పం దగ్గరి పల్లె. వారమంతా కుప్పం వైపు గ్రానైట్ రాళ్ళు కోసే పని, పిలుపు వస్తే ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్, అంటే పుల్లలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ములు. జానపదం వచ్చిందంటే ప్యాడ్స్ పక్కన పెట్టి ఆర్కెస్ట్రావాళ్ళ పలక అందుకునేవాడు. పలకంటే ఆ వైపు డప్పు. కుడిచేతిలో లావు పుల్ల, ఎడమచేతిలో సన్న పుల్ల. ఫోన్లో ఎవరో స్లాప్ వాయిస్తుంటే చూసి, అది చేతికి రాక ఇమ్తియాజ్ తల పట్టుకుని కూర్చున్న రోజున మునికుమార్ పక్కన చేరాడు.

"దీంట్లో ఏముండాది బాయ్? నీ బొటనేలు లావు పుల్ల, సూపుడేలు సన్న పుల్ల. పలకనుకోని కొట్టు."

"పలకకు తోలుంటాది మునన్నా. దీనికి తీగలు."

"తోలైనా తీగైనా తన్నులు తినేదే గదా. కొట్టబ్బా!"

అలా మొదలైంది వాళ్ళ జోడీ. ఒకరు ప్యాడ్స్ మీద ఉంటే మరొకరు బేస్ మీద. ఇద్దరి చేతులూ ఒకే మనిషివి అనిపించేవి.

మునికుమార్ స్టేజీ మీద పలక కొట్టాడు గానీ ఊళ్ళో కొట్టడం మానేశాడు. వాళ్ళ ఇంటివాళ్ళు తరతరాలుగా ఊరి శవాల ముందు పలక కొట్టినవాళ్ళు. ఎవరింట్లో చావైనా కబురు వచ్చేది. వెళ్ళాలి, దూరంగా నిలబడాలి, పెట్టింది తీసుకోవాలి. తండ్రి పోయినప్పుడు ఆయనకు తానే సాగనంపు దెబ్బ కొట్టి, పొలిమేర నుంచి తిరిగొచ్చి, తమ్ముడు యువరాజ్ చేత ఒట్టు వేయించాడు మునికుమార్. ఇకమీదట తమ ఇంటి మనిషి ఎవరి శవం ముందూ పలక పట్టేది లేదు. ఊరు కొంతకాలం మూతి ముడుచుకుంది. తర్వాత సర్దుకుంది. ఇంట్లో పలకకు తోలు చిరిగితే మళ్ళీ వేయించలేదు. రాగి చేలల్లోకి ఏనుగులు దిగినా తరమడానికి రేకు డబ్బాలే వాయించేవాళ్ళు.

రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని మునికుమార్ మంచం పట్టాక, ఇమ్తియాజ్ వీలు చేసుకుని పుంగనూరు నుంచి బస్సెక్కి పోయి చూసి వచ్చేవాడు. ఒకరోజు మునికుమార్ దిండుకు ఆనుకుని కూర్చుని మాట కదిపాడు. ఆయన భార్య కుప్పమ్మ గడప దగ్గర రాగులు చెరుగుతోంది.

"బాయ్, నాకొక దిగులుండాది."

"సెప్పన్నా."

"మా నాయనకు నేను కొట్టినా. నాకెవురు కొడతారు?"

"యువరాజుండాడు గదా."

"వాడు కొట్టడు. కొట్టొద్దని ఒట్టేయించింది నేనే గదా. నా ఒక్కడి సావుకు కొట్టమంటే, రేప్పొద్దున ఇంకోడొచ్చి, మీయన్నకు కొట్టినావే మా నాయనకు యాల కొట్టవని నిలేస్తే వాడేం సెప్పల్ల?"

"నేను కొడతాలే పలక."

"నువ్వా? తమ్ముడు కొట్టకుంటే సాయిబును తెచ్చుకున్నారని నవ్వుతారు. పలకొద్దు బాయ్. ఈ ఇంట్లోకి మళ్ళా పలక రాకూడదు." దగ్గు తెర ఒకటి వచ్చి పోయింది. "నీ గిటారు పలక కాదు గదా?"

ఇమ్తియాజ్ నవ్వాడు. మునికుమార్ నవ్వలేదు. చెరుగుతున్న చేట ఆగింది.

ఆ దెబ్బను మునికుమార్ మంచం పట్టె మీద వేళ్ళతో కొట్టి నేర్పాడు. కష్టమైనది కాదు. నడక దెబ్బ, నలుగురు శవాన్ని మోస్తూ వేసే అడుగంత నిదానం. కానీ అందులో వాళ్ళింటి పద్ధతి ఒకటుంది. పలకను మంట దగ్గర కాచి తోలు బిగిస్తారు. జాతరకైతే తోలు చల్లబడినప్పుడల్లా మళ్ళీ కాస్తారు. సాగనంపు దెబ్బకు మాత్రం ఇంటి ముందు ఒక్కసారే కాపు. పాడె లేచాక మళ్ళీ మంట చూపించరు. దోవ పొడుగునా తోలు చల్లబడుతూ, మోత దిగుతూ దిగుతూ పోయి, పొలిమేర దగ్గరికి మెత్తబడిపోవాలి.

"దోవలో కాపితే పోయేవాడు ఎనక్కి తిరిగి సూస్తాడంట. మా నాయన సెప్పినాడు" అన్నాడు మునికుమార్.

ఇమ్తియాజ్ అంగట్లో తలుపు మూసుకుని సాధన చేసి, ఫోన్లో వినిపించాడు. దెబ్బ కుదిరింది. దిగడం కుదరలేదు. ఒక మెట్టు నుంచి కింది మెట్టుకు దిగితే స్వరం ఠక్కున మారిపోతోంది.

"ఏంది బాయ్, మిద్దె దిగినట్టు దిగతాండావు?" అన్నాడు అవతల నుంచి మునికుమార్. "జారల్ల. పక్కన నడిసేవోనికి కూడా తెలీకుండా జారల్ల."

బేస్‌ను బల్ల మీద పడుకోబెట్టి ఇమ్తియాజ్ చాలాసేపు చూశాడు. పీకితే అది మళ్ళీ పాత పాటలకు పనికొస్తుందో లేదో తెలియదు. మెట్లు మళ్ళీ కొట్టించాలంటే బెంగళూరు పోవాలి, అక్కడ కూడా మునుపటిలా కుదురుతుందన్న నమ్మకం లేదు. ఎవరైనా ఎప్పుడైనా ఆర్కెస్ట్రాకు పిలుస్తారన్న ఆశ ఇంకా లోపల ఉంది. తర్వాత సోల్డరింగ్ ఐరన్ వేడి పెట్టాడు.

ఒక్కో మెట్టునూ కాచి, కటింగ్ ప్లయర్ మూతిని నున్నగా అరగదీసి, చెక్క పెచ్చు లేవకుండా కొస నుంచి కొంచెం కొంచెంగా లేపాడు. లేచిన చోట సన్నటి గాడులు మిగిలాయి. వాటిలో టేకు పీలికలు జిగురుతో దిగేసి, ఎమరీ కాగితంతో సమం చేశాడు. భార్య కుల్సుమ్ టీ తెచ్చి, బల్ల మీద కుప్పగా పడిన మెట్లను చూసింది. ఇంట్లో వాళ్ళ మాట దక్కనీ ఉర్దూ. ఆమె అన్నది తెలుగులో చెబితే ఇంతే: "పాపం, దాని పళ్ళన్నీ పీకేసినావే. ఇంక అదేం నమల్తాది?"

పాలిష్ మనిషి కనుక మొదట తనకు అలవాటైన లక్క పాలిష్ పట్టించాడు. మెడ అద్దంలా మెరిసింది. స్లాప్ కొడితే మాత్రం దుప్పటి మీద కొట్టినట్టుంది, రెండు రోజులకే తీగలు పాలిష్‌ను కోసేశాయి. అంతా గీకేసి, టీపాయ్‌ల మీద పోసే రెజిన్ పలచగా పోసి ఆరబెట్టి, రుద్ది, మళ్ళీ పోశాడు. గట్టిపడిన ఆ పొర మీద బొటనవేలు వేస్తే ఖంగుమనలేదు. 'దబ్' మంది. తోలు మీద లావు పుల్ల పడ్డట్టే ఉంది. చూపుడువేలితో లాగి వదిలితే 'టప్' మని సన్న పుల్ల.

గిటారు, బ్యాటరీ మీద నడిచే చిన్న స్పీకర్ పెట్టె మోసుకుని పల్లెకు పోయాడు. మునికుమార్ అప్పటికి బాగా చిక్కిపోయాడు. మెడ మీద వేలు పెట్టి టేకు గీతలు తడిమాడు.

"మెట్లు పీకి మళ్ళా గీతలు యాల పెట్టినావు?"

"దోవ తప్పిపోకుండా ఉండేదానికి అన్నా."

"భయస్తుడివి బాయ్ నువ్వు. సరే, కొట్టు."

కొట్టాడు. మొదటి దెబ్బకే మునికుమార్ మొహం చిట్లించాడు. ఇమ్తియాజ్‌కూ తెలిసింది, శ్రుతి తక్కువగా ఉంది. తీగలు బిగించాడు, లాభం లేదు. తప్పు తీగల్లో లేదు, వేలిలో ఉంది. ఇన్నేళ్ళూ మెట్టుకు వెనక నొక్కిన వేలు, మెట్టు పోయినా వెనకే నొక్కుతోంది. మెట్లు లేని గిటారుకు స్వరం గీత మీదే ఉంటుంది, గీత వెనక కాదు. అలవాటు మానలేని తన చేతిని ఇమ్తియాజ్ దక్కనీలో తిట్టుకున్నాడు.

మునికుమార్ చెయ్యెత్తి ఆపాడు. "ఉండు. ఇబ్బుడు యాడ పెట్టినావు వేలు?"

"గీతకు ఎనకాల. తప్పన్నా అది."

"సల్లబడిన పలక మాదిరుండాది." కళ్ళు మూసుకున్నాడు. "గీత మీద పెట్టి మొదులుపెట్టు. నడస్తా నడస్తా ఆ తప్పు కాడికి రా. పొలిమేరకు వచ్చేటప్పుటికి నీ వేలు ఆడికి రావల్ల. అంతే."

అంతే. కుప్పమ్మ గోడకు ఆనుకుని వింటూ ఉంది. ఇమ్తియాజ్ గీత మీద మొదలుపెట్టి, ఆ గదిలోనే అటూ ఇటూ నడుస్తూ, వేలిని వెంట్రుకవాసి వెంట్రుకవాసి వెనక్కి జరుపుతూ కొట్టాడు. పూర్తయ్యేసరికి మునికుమార్ నిద్రపోయి ఉన్నాడు. మంచి నిద్రే. చాన్నాళ్ళకు దగ్గు లేకుండా పడుకున్నాడని కుప్పమ్మ చెప్పింది.

కబురు రాగులు కోసే రోజుల్లో వచ్చింది. ఇమ్తియాజ్ చేరేసరికి పాడె కట్టడం అయిపోయింది. భుజాన గిటారు చూసి యువరాజ్ ఎదురొచ్చాడు. అన్న కోరిక అతనికి తెలియదు.

"అది యాల తెచ్చినావు బాయ్?"

ఇమ్తియాజ్ చెప్పాడు.

"మాయన్న పలకొద్దన్నాడు."

"ఇది పలక కాదప్పా."

"శబ్దం అదే గదా? ఊరోళ్ళకు సెవులు లేవా? ముందు ఇంటారు, తర్వాత పిలస్తారు. మాయన్న ఆపినదాన్ని ఆయన పాడె ముందరే మొదులుపెడతావా?"

యువరాజ్ అన్నదాంట్లో తప్పు లేదు. కుప్పమ్మ శవం తల దగ్గర నుంచి లేవకుండానే మాట్లాడింది.

"అడిగినాడు రా. నేను ఆడనే ఉండాను. రాగులు సెరగతా ఇన్నా."

యువరాజ్ వదిన వైపు చూశాడు, పాడె వైపు చూశాడు. మళ్ళీ ఇమ్తియాజ్ దగ్గరికి వచ్చాడు.

"రేపు ఎవురన్నా వచ్చి వాళ్ళింటి సావుకు కొట్టమంటే పోతావా?"

"పోను."

"నీకు కావాల్సినోళ్ళు పిలిస్తే?"

"యువరాజా, ఇది మునన్న కోసం నేర్చింది. ఈ పొద్దు ఆయనతోనే పోతాది. మళ్ళా నా సేత్తో ఇది రాదు. కావల్నంటే ఒట్టేయించుకో."

యువరాజ్ ఒట్టు అడగలేదు. కింద ఉన్న స్పీకర్ పెట్టెను ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. వైరు అందేంత దూరంలో, ఇమ్తియాజ్ పక్కన నిలబడ్డాడు.

పాడె లేచింది. ఇమ్తియాజ్ గీత మీద వేలు పెట్టి బొటనవేలితో కొట్టాడు. దబ్, దబ్, టప్. మోత గట్టిగా, బిగువుగా, అప్పుడే మంట దగ్గర నుంచి తీసినట్టు లేచింది. ఇళ్ళ ముందు నిలబడినవాళ్ళు పలక ఎక్కడని వెతుక్కున్నారు. పెద్దవాళ్ళు కొందరు దెబ్బను గుర్తుపట్టి అరుగులు దిగారు. వీధి మలుపు తిరిగింది. కోసి పడేసిన రాగి చేల పక్కనుంచి దోవ సాగింది. ఎక్కడ తగ్గిందో ఎవరూ చెప్పలేరు, కానీ మోత దిగుతోంది. పెట్టె కింద యువరాజ్ భుజం అదురుతోంది. అది దెబ్బ వల్లో ఏడుపు వల్లో ఇమ్తియాజ్ చూడలేదు. ఆయన చూపంతా వేలి మీదే ఉంది. పొలిమేర రాయి దగ్గరికి వచ్చేసరికి ఆ వేలు తన పాత తప్పు దగ్గరికి చేరింది. అక్కడ ఇంకొక్క దెబ్బ కొట్టి ఆపాడు.

ఆడవాళ్ళు దాటకూడని చోటు అది. మగవాళ్ళు పాడెతో ముందుకు సాగారు. కుప్పమ్మ ఇమ్తియాజ్ దగ్గరికి వచ్చి, గిటారు మెడ మీద, టేకు గీతల మీద అరచెయ్యి ఆనించింది.

"సల్లబడిందా అప్పా?"

"సల్లబడింది వదినా."