బీజీ 'ఉతారో మత్' అన్నప్పుడు

2023 చలికాలం. కెనడాలోని ఎటోబికోలో ఒక లాంగ్ టర్మ్ కేర్ హోమ్‌లో, అంటే ఇంట్లో చూసుకోవడం కష్టమైన పెద్దవాళ్లు ఉండే చోట, నేను పీఎస్‌డబ్ల్యూని. స్నానం చేయించడం, తినిపించడం, బట్టలు మార్చడం మా పని. "ముసలోళ్లకు తానాలు పోసుడు గూడ ఉద్యోగమేనా బిడ్డా?" అని మా అమ్మ కరీంనగర్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది.

మా ఫ్లోర్‌లో బీజీ అని ఒక పంజాబీ ఆవిడ ఉండేది. ఎనభై ఆరేళ్లు, మతిమరుపు జబ్బు. నోట్లో నాలుక లేని మనిషే గానీ స్నానం రోజు మాత్రం ఇల్లు పీకి పందిరి వేసేది. "ఉతారో మత్! ఉతారో మత్!" అంటూ అందినవాళ్లని రక్కేసేది. చివరికి స్నానానికి ముందు మత్తు మాత్ర ఇవ్వడం మొదలుపెట్టారు. మాత్ర వేసిన రోజు సాయంత్రం కూతురు గుర్‌ప్రీత్ ఆంటీ వస్తే గుర్తుపట్టేది కాదు.

"మా అమ్మతో నాకు మిగిలినవి ఈ సాయంత్రాలే బేటా. అవీ మాత్రకే పోతున్నాయి" అని ఆంటీ ఒకరోజు కళ్లు తుడుచుకుంది.

నాకు హిందీ వచ్చని కొంచెం గొప్ప. ఉతారో అంటే బట్టలు విప్పడం, పాపం సిగ్గుపడుతోంది అనుకున్నాను. నర్సుని బతిమాలి ఒక్కసారికి మాత్ర ఆపించి, పల్చటి గౌనుతోనే టబ్ లిఫ్ట్‌లో కూర్చోబెట్టాను. మనిషిని కుర్చీతో సహా నీళ్ల తొట్టిలోకి దించే యంత్రం అది. కుర్చీ కిందికి కదిలిందో లేదో, బీజీ నా మెడ వాటేసుకుంది.

"ముఝే మత్ ఉతారో, బేబే!"

బేబే అంటే పంజాబీలో అమ్మ. నేను తప్పులో కాలేశానని అప్పుడు తెలిసింది. ఉతారో అంటే విప్పడమే కాదు, దించడం అని కూడా అర్థం. 'నన్ను దించొద్దు' అంటోంది. లిఫ్ట్ ఆపేసి, తువ్వాలు కప్పి అడిగాను.

"ఎక్కడికి దించొద్దు బీజీ?"

"బావిలోకి. మూక వచ్చింది కదా. పిన్ని దూకింది, అక్క దూకింది. నన్ను బేబే దించింది." నా మెడ వదలకుండానే, "నాకు నీళ్లు చాల్లేదు" అంది.

మూక చేతికి చిక్కకూడదని ముందు దూకినవాళ్లతో బావి అప్పటికే నిండిపోయింది. పదేళ్ల పిల్ల మునగడానికి చోటు మిగల్లేదు.

దేశం విడిపోయినప్పుడు తన అమ్మ వాళ్ల ఊరు పాకిస్తాన్‌లోకి పోయిందని ఆంటీకి తెలుసు. బావి సంగతి నేను చెబితేనే తెలిసింది. "ఇన్నేళ్లలో నాతో ఒక్క మాట అనలేదు" అని ఏడ్చింది. ఏడుస్తూనే నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పింది.

తర్వాతి స్నానానికి ఇంటి నుంచి మగ్గు పట్టుకెళ్లాను. కెనడాకొచ్చి ఎన్నేళ్లయినా మన బాత్రూముల్లోంచి మగ్గు పోదు కదా! పాదాలు నేలకి ఆనేలా కూర్చోబెట్టి, చిన్నప్పుడు మా అమ్మ నాకు పోసినట్టే ముందు పాదాల మీద, తర్వాత భుజాల మీద గోరువెచ్చటి నీళ్లు పోశాను. బీజీ అరవలేదు. మగ్గు లాక్కుని తనే పోసుకుంది. నర్సు కేర్ ప్లాన్ మార్చి, మాత్ర తీసేసింది. ఆంటీకి సాయంత్రాలు తిరిగొచ్చాయి.

ఒకరోజు తల తుడుస్తుంటే బీజీయే చెప్పింది. "ఒకావిడ పైకి లాగింది. ముసల్మాన్ ఆవిడ. తాడుకి తన దుపట్టా ముడేసి లాగింది. రొట్టె పెట్టింది. నేను పేరు అడగలేదు." నా వైపు తిరిగి, "నీ పేరేంటి?" అంది.

"సుజాత."

"జీతీ రహో, సుజాతా."

చల్లగా ఉండమని దీవెన అది.

అర్థమైందనుకున్న మాటనే ఇంకోసారి అడగాలని ఈ ఉద్యోగంలో బీజీ దగ్గరే నేర్చుకున్నాను. అందుకు ఆవిడకి రుణపడి ఉన్నాను. మా అమ్మకీ ఇప్పుడు ధైర్యంగా జవాబు చెబుతున్నాను, తానాలు పోసుడే నా ఉద్యోగమని.

బీజీ పోయినేడు కన్నుమూసింది. చివరిదాకా ప్రతి స్నానానికీ నా పేరు అడిగేది, దీవించేది, మర్చిపోయేది. నేను ప్రతిసారీ కొత్తగా చెప్పేదాన్ని. బీజీ అప్పుడు పేరు అడగని, దుపట్టా ముడేసిన ఆ తల్లి తరఫున కూడా.